ఔత్సాహికుల పందెములు, వారెన్నుకొన్న బండ్లు

నలోపాఖ్యానము చదివినవారికి బాహుకుడు గుఱ్ఱముల నెన్నుకొన్న ఘట్టము జ్ఞాపకముండును. ఒక్క పగటిలో విదర్భ చేరవలసిన ఋతుపర్ణుడు, తన సారథి బక్కచిక్కిన గుఱ్ఱములను తెచ్చి రథమునకు పూన్చుట చూచి కోపగించెను. ఇంత దూరము ఇవి మనలను కొనిపోగలవా యని అడిగెను. ఇవియే చేర్చునని బాహుకుడు చెప్పెను, చేర్చినవి. మోటారుబండి పుట్టి నూట ముప్పదియేండ్లు దాటినది గాని, ఋతుపర్ణుని సందేహము మాత్రము మనవారి నింకను వదలలేదు. తన కారును పందెపు బాటపై నొక్కమారు తోలి చూడవలెనని కోరిక పుట్టిన యువకుడు మొట్టమొదట అడుగు ప్రశ్న “దానికెన్ని గుఱ్ఱముల బలము?” అనియే. ఈ ప్రశ్నకు గడచిన నూఱేండ్లలో ఔత్సాహికులు తమ చేతలతో నిచ్చిన సమాధానమేమో చెప్పుటకే నేటి నా ప్రసంగము.

నేను చెప్పబోవునది వృత్తిగా పందెములాడు వారిని గుఱించి కాదు. వారి బండ్లను కంపెనీలు కట్టును, కంపెనీలు మోయును. ఆరు దినములు ఆఫీసులోనో అంగడిలోనో పని చేసి, ఏడవనాడు తన సొంత బండిని మైదానమునకు తోలుకొనిపోయి, సాయంకాలము అదే బండిలో ఇల్లు చేరవలసిన వానిని గుఱించియే నా మాట. ఇట్టివారికి ముఖ్యముగా రెండు క్రీడలు గలవు. మొదటిదానిని ‘ట్రాక్ డే’ యందురు. పందెపు బాట యజమానులు రుసుము పుచ్చుకొని, ఆ దినమంతయు ఎవరి బండిని వారు తోలుకొనుట కనుమతింతురు. అందు పందెము లేదు, బహుమానము లేదు. రెండవది ‘ఆటోక్రాస్’. ఒక విశాలమైన మైదానములోనో, వాడుకలో లేని విమానపు బాటమీదనో రబ్బరు శంకువులను నిలిపి, వంకర టింకర దారి నొకదానిని గీయుదురు. బండ్లు ఒక్కొక్కటిగా పోవును; పోటీ గడియారముతోనే. అమెరికా నిబంధనల ప్రకారము ఒక శంకువు పడినచో రెండు సెకండ్లు దండుగ. ఇంగ్లండులో ఈ పేరుతోనే పచ్చిక బయళ్లమీద నడచు వేఱొక ఆట గలదు. అది మన ప్రస్తుత విషయము గాదు.

మొదట ఈ వేడుక ధనవంతులదే. ఇంగ్లండులో వూస్టర్ మండలమందలి షెల్స్‌లీ వాల్ష్ అను కొండదారిలో 1905 నుండి నేటివఱకు, యుద్ధకాలములు తప్ప, పందెములు జరుగుచున్నవి. దాని పొడవు వేయి గజములే. 1907లో లండను దాపున బ్రూక్‌లాండ్స్ అనుచోట, ప్రక్కలు గోడవలె ఎత్తుగా లేచిన కాంక్రీటు బాట నొకదానిని లాక్ కింగ్ అను భూస్వామి తన సొంత సొమ్ముతో కట్టించెను. ఆ సంవత్సరమే ఎస్. ఎఫ్. ఎడ్జ్ అనునతడు దానిమీద ఇరువదినాలుగు గంటలు ఎడతెగక నేపియర్ బండిని తోలి 1,581 మైళ్లు నడపెను. ఆ బండిని కొనదగినవారు ఆ దేశమున ఎందఱుందురు? గుమాస్తాయు, బడిపంతులును ప్రేక్షకులుగా మాత్రము పోదగిన చోటది. జర్మనీలో నూర్‌బుర్గ్ కొండలనడుమ 1927లో తెఱచిన బాట మాత్రము మొదటినుండియు మఱియొక త్రోవ త్రొక్కినది. పందెములు లేని దినములలో సుంకము చెల్లించిన ప్రతివాడును తన బండితో దానిమీద నొక చుట్టు తిరుగవచ్చును. నేడు ‘ట్రాక్ డే’ అని మనము పిలుచు నాచారమునకు దీనిని పెద్దక్క యనవచ్చును.

అప్పటికే సామాన్యుని చేతికొక బండి వచ్చియుండెను. అది ఆస్టిన్ సెవెన్.

దాని కథ చెప్పదగినది. మొదటి మహాయుద్ధము ముగిసిన పిమ్మట సర్ హెర్బర్ట్ ఆస్టిన్‌గారి కంపెనీ అప్పులలో మునిగినది. భార్యాబిడ్డలతో గూడ ప్రక్కబండిగల మోటారు సైకిలుమీద వానలో తడియుచు పోవు సంసారికి, అంత వెలలోనే నిజమైన కారు నొకదాని నీయవలెనని ఆయన తలంపు. కంపెనీ డైరెక్టర్లు ఇష్టపడలేదు. ఆయన స్టాన్లీ ఎడ్జ్ అను చిన్నవయసు డ్రాఫ్ట్‌సుమన్‌ను తన యింటికే పిలిపించుకొని, అక్కడనే నక్షాలు గీయించెను. 1922లో వెలువడిన ఆ బండి యెత్తు సుమారు 360 కిలోగ్రాములు. ఇంజను మొదట 696 ఘన సెంటీమీటర్లు, కొలదికాలములోనే 747. బలము పది గుఱ్ఱములకు కొంచెము పైన. నాలుగు చక్రములకును బ్రేకులుండుట ఆ దినములలో గొప్ప. అయితే కాలితో త్రొక్కినచో వెనుక చక్రములకును, చేతితో లాగినచో ముందు చక్రములకును పట్టునట్లు వానిని అమర్చిరి. రెండును గట్టిగా పనిచేసెనని ఎవరును చెప్పలేదు. 1939 వఱకు ఇట్టి బండ్లు సుమారు 2,90,000 తయారైనవి. జర్మనీలో డిక్సీ అను పేర దీనినే కట్టిరి. ఆ కర్మాగారమును 1928లో కొన్న బి. ఎమ్. డబ్ల్యు. వారికి మొదటి కారు ఇదియే. నేడు ఆ మూడక్షరములను చూచి మురియువారిలో ఎందఱికీ సంగతి తెలియునో!

ఇంత చిన్న బండి పందెమున కేమి పనికివచ్చునని నాడు నవ్వినవారున్నారు. 1923లో ఆస్టిన్‌గారి యల్లుడు కెప్టెన్ ఆర్థర్ వెయిట్ దీనిని బ్రూక్‌లాండ్స్‌లో గెలిపించి, పిదప ఇటలీలో మోంజాకు కొనిపోయి తన తరగతిలో మొదటివాడుగా వచ్చెను. 1929లో ఐర్లండు ఉత్తరభాగమున జరిగిన టూరిస్టు ట్రోఫీలో ఆర్చీ ఫ్రేజర్-నాష్ పెద్ద పెద్ద బండ్లనడుమ దీనితో మూడవవాడైనాడు. అయినను, నా యభిప్రాయమున, ఈ జయములు ముఖ్యము గావు. బండి పాతబడి, వెల పడిపోయి, కొట్టపు మూలలలో కోళ్లు గుడ్లు పెట్టు స్థితికి వచ్చినపిమ్మటనే దాని యసలు చరిత్ర మొదలైనది. విద్యార్థి సైతము కొనగలిగిన ధరకు అవి దొరకసాగినవి. పై తొడుగును ఊడబెఱికి పాఱవేసినచో క్రింద మిగులునది ‘ఏ’ అను ఆంగ్లాక్షరము వంటి సన్నని చట్రము, నాలుగు చక్రములు, ఒక చిన్న ఇంజను. విప్పుటకు పెద్ద పనిముట్లక్కరలేదు. విఱిగినచో మఱియొక పాతబండి నుండి అదే భాగమును తెచ్చి బిగించుకొనవచ్చును.

లోపములు లేకపోలేదు. 1936 వఱకు ఆ ఇంజనులోని క్రాంకు షాఫ్టునకు రెండు కొనలందే ఆధారము. నడుమ ఏమియు లేదు. వేగము హెచ్చించినకొలది అది కావడిబద్దవలె వంగి యాడును. హద్దు మీరినచో విఱుగును. కాని ఈ లోపమే తోలువానికి గురువైనది. ఇంజను ఏ స్వరమున పాడునప్పుడు కాలు తీయవలెనో, మలుపునకు ముందే వేగము నెట్లు సరిచూచుకొనవలెనో వాడు నేర్వక తప్పలేదు. బలములేని బండియందు మలుపులో ఒకమారు పోగొట్టుకొన్న వేగమును మరల సంపాదించుట కష్టము. కనుక పోగొట్టుకొనకుండుటయే విద్య. నూఱుగుఱ్ఱములు మిగులుబడియున్న బండిలో తప్పు చేసినవాడు కాలు గట్టిగా త్రొక్కి దానిని కప్పిపుచ్చుకొనును. తప్పు కనబడదు, కనబడనిది దిద్దుకొనుట యెట్లు?

1939లో ఈ బండి యభిమానులు కొందఱు ఇంగ్లండులో ‘750 మోటార్ క్లబ్’ అను సంఘమును స్థాపించిరి. ఆస్టిన్ ఇంజను పరిమాణమునుబట్టి వచ్చినదే ఆ సంఖ్య. అంతలోనే యుద్ధము వచ్చినది. బ్రూక్‌లాండ్స్ బాట ఆ యేడే మూతపడి, మరల పందెములకు తెఱవబడలేదు. యుద్ధానంతరము పెట్రోలునకు రేషను, ఇనుమునకు కరవు. అట్టి దినములలో ఈ సంఘమువారు ఆస్టిన్ సెవెన్ భాగములతో కట్టిన బండ్లకే ప్రత్యేకమైన పందెమును ఏర్పఱచి, దానికి కట్టుబాట్లు వ్రాసిరి. ఆ కట్టుబాట్ల సారాంశ మొక్కటే: డబ్బుగలవాడు డబ్బుతో గెలువరాదు. గెలువవలసినచో బుద్ధితో గెలువవలెను. ఆ తరగతి పందెములు నేటికిని జరుగుచున్నవి.

బుద్ధితో గెలిచిన వారిలో మొదట చెప్పదగినవాడు కాలిన్ చాప్మన్. లండను విశ్వవిద్యాలయమున నిర్మాణశాస్త్రము చదువుచుండిన ఈ యువకుడు, తరువాత తనకు భార్యయైన హేజల్ విలియమ్స్ తలిదండ్రుల యింటివెనుక షెడ్డులో 1928 నాటి ఆస్టిన్ సెవెన్‌ను విప్పి, ప్లైవుడ్డు మీద అల్యూమినియపు రేకును అతికించిన పైతొడుగుతో 1948లో క్రొత్తబండిగా కట్టెను. అదియే మొదటి లోటస్. 1951 నాటికి మూడవ లోటస్ కట్టెను. ఆస్టిన్ ఇంజనులో నాలుగు సిలిండర్లకు గాలియు పెట్రోలును పోవుటకు రెండే ద్వారములు. ఇద్దఱన్నదమ్ములకు ఒక్క వాకిలి యన్నట్లు రెండేసి సిలిండర్లొక్క ద్వారముతో సర్దుకొనవలెను. చాప్మన్ ఆ ద్వారముల నడుమ అడ్డుగోడ కట్టి రెంటిని నాలుగు చేసెను. నిబంధనలలో ఇది కూడదని యెచ్చటను లేదు. ఆ యేడు అతని నందుకొన్నవాడు లేడు. మఱుసటి యేటికి అట్టి అడ్డుగోడలను నిషేధించుచు నిబంధన వచ్చినది! ఒక యువకుడు చేసిన ఉపాయమునకు సంఘము నిబంధన మార్చుకొనవలసివచ్చుటకంటె ఆ యువకునికి వేఱు బిరుదేమి కావలెను?

భూగోళమున కావలిప్రక్క, న్యూజిలాండులో, పెట్రోలు బంకు నడపుకొను నొకాయన శిథిలమైన ఆస్టిన్ సెవెన్ అల్‌స్టర్ బండిని కొనగా, ఆయన కుమారుడు దానిని బాగుచేసి, పదునైదేండ్ల ప్రాయమున 1952లో కొండదారి పందెమునకు దిగెను. అతడే బ్రూస్ మెక్‌లారెన్. అతని పేరు పెట్టుకొన్న జట్టు నేటికిని ప్రపంచపు పెద్దపందెములలో నున్నది. అలెక్ ఇసిగోనిస్ సంగతియు నట్టిదే. అతడు మొదట ఆస్టిన్ సెవెన్‌తో పందెములాడి, తరువాత జార్జి డౌసన్ అను మిత్రునితో గూడి ఏండ్ల తరబడి తమ చేతులతోనే తేలికబండి నొకదానిని కట్టెను. దాని చక్రములకు ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరు పెట్టెను. 1959లో ఆయన రూపొందించిన మినీ కారును ఎఱుగనివారుండరు. దానికిని రబ్బరే ఆధారము. దానిని మొదట అమ్మిన పేర్లలో నొకటి ఆస్టిన్ సెవెనే! ఆ మినీ 1964, 1965, 1967లలో మాంటీకార్లో ర్యాలీని గెలిచినది.

ఇచ్చట నొక మాట చెప్పక విడుచుట న్యాయము గాదు. తేలికదనము వేఱు, పెళుసుదనము వేఱు. చాప్మన్ పెద్దవాడైన పిదపను ఎత్తు తగ్గించుటయందే దృష్టి నిలిపెను. ఆయన బండ్లను తోలిన యోఖెన్ రింట్, ఇవి విఱుగునని భయపడుచున్నాను, కొంచెము బరువైనను గట్టిగా కట్టుడని ఆయనకు లేఖ వ్రాసెను. 1970 సెప్టెంబరులో మోంజాలో లోటస్ తోలుచునే అతడు మరణించెను. ఆ యేటి ప్రపంచ విజేత బిరుదము మరణానంతరము అతనికి చెందినది. కావున తేలికబండి కావలెనని చెప్పునపుడు, భాగములను ఊడబెఱికి, చట్రమును కోసి, తేలిక చేయుమని నా యర్థము గాదు. పుట్టుకతోనే తేలికగా, గట్టిగా కట్టబడిన బండి నెన్నుకొనవలెనని నా యర్థము.

అట్లాంటికు దాటి అమెరికాకు పోదము. అక్కడ పెద్ద బండ్లకు కొదువలేదు. విశాలమైన రోడ్లకును కొదువలేదు. అయినను యుద్ధకాలమున ఇంగ్లండులో నుండి తిరిగివచ్చిన సైనికులు కొందఱు ఎమ్. జి. అను చిన్న బండ్లమీద మోజుపడిరి. 1945 నుండి 1949 వఱకు కట్టిన ఎమ్. జి. టి. సి. యనునది 1,250 ఘన సెంటీమీటర్ల బండి, ఏబదినాలుగు గుఱ్ఱములది. చక్రము కుడిచేతివైపుననే యున్నను అమెరికనులు దానిని కొని తోలిరి. స్పోర్ట్సు కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1944లో ఏర్పడినది. 1948 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రమందలి వాట్కిన్స్ గ్లెన్ అను పల్లెపట్టణము వీథులలో, కామెరన్ ఆర్గెట్‌సింగర్ అను ఉత్సాహి పందెమొకటి పెట్టించి, తాను టి. సి. బండితో అందు పాల్గొనెను. అంగళ్ల ముందునుండియే బండ్లు పరుగెత్తుచుండ జనులు కాలిబాటలమీద నిలిచి చూచిరి. నాలుగేండ్లు అట్లే జరిగినది. 1952లో ఒక బండి జనములోనికి దూసికొనిపోయి ఏడేండ్ల బాలుని ప్రాణము తీసినది.

ఔత్సాహికుల క్రీడ కది మలుపు. ఊరి వీథులు ఇక పనికిరావని తెలిసినది. సరిగా ఆ కాలమున, 1952 నుండి 1954 వఱకు, జనరల్ కర్టిస్ లెమే తన యధీనములోని బాంబరు విమానాశ్రయములను పందెములకిప్పించెను. ఇంగ్లండులో అప్పటికే సిల్వర్‌స్టన్, గుడ్‌వుడ్ అను యుద్ధకాలపు విమాన స్థావరములు 1948లో పందెపు బాటలైనవి. విమానపు బాట చదునైనది. చెట్టు లేదు, స్తంభము లేదు, గోడ లేదు. బండి అదుపు తప్పినచో తిరిగి తిరిగి తానే ఆగును. అట్టి బయలులో శంకువులు నిలిపి మలుపులు కల్పించుకొన్న ఆటయే ఆటోక్రాస్. అమెరికా సంఘమువారు దీనికి జాతీయపోటీలను 1973లో ఆరంభించిరి.

ఈ యాటకు జపానులో వాడుకలోనున్న పేరు వినినచో మనవారు ఆశ్చర్యపడుదురు. వారు దీనిని ‘జింఖానా’ యందురు! సికిందరాబాదు జింఖానా మైదానమును ఎఱిగినవారికి ఈ మాట క్రొత్తది గాదు. హిందూస్థానీ ‘గేంద్‌ఖానా’, అనగా బంతులాడు శాల, అను మాటనుండి ఇది పుట్టినదని పండితుల యూహ. మన దేశమునందలి దొరల క్లబ్బులలో గుఱ్ఱపు ఆటలకు పేరై, ఓడలెక్కి పోయి, చివరకు జపానీయుల మోటారు ఆటకు పేరైనది.

విమానపు బాటలే మన దక్షిణదేశమునకు గూడ ఈ క్రీడను తెచ్చినవి. నెల్లూరు నుండి మద్రాసునకు పోవు రాజమార్గముమీద, పట్టణము ఇంకను కొంతదూరమున నుండగానే షోలవరము తగులును. యుద్ధకాలమున అచ్చట వేసిన విమానపు బాట, యుద్ధము ముగియగనే పనిలేక పడియుండెను. మద్రాసు మోటార్ స్పోర్ట్సు క్లబ్ 1953లో ఏర్పడినది. షోలవరపు పందెములు ఆ తరువాత దశాబ్దములపాటు ప్రసిద్ధినందినవి. విదేశపు బండ్లు దిగుమతి కాని కాలమది. రాజులును, కోటీశ్వరులును ఏదో విధముగా తెప్పించుకొన్న రెండుమూడు బండ్లు పక్కనుంచినచో, తక్కినవన్నియు మన వీథులలో తిరుగు ఫియట్ 1100 బండ్లు, మద్రాసులోనే కట్టిన స్టాండర్డ్ హెరాల్డులు. ఒకటి 1,089, రెండవది 948 ఘన సెంటీమీటర్లవి. ఇంగ్లండు విద్యార్థి కొట్టములో చేసిన పనినే మన మేస్త్రీలు చెట్టుక్రింద చేసిరి. ఇంజను తలను అరగదీసి ఒత్తిడి హెచ్చించుట, పొగగొట్టమును మార్చుట, వెనుక సీటు తీసివేయుట, స్ప్రింగులను కుదించుట: ఇవి యెల్ల చేతిపనులే. మన వారికి ఆస్టిన్ సెవెన్ కథ తెలిసియుండవలసిన పనిలేదు. చేతిలోనున్న బండితోనే ఆడవలసివచ్చినవాడు ఎచ్చటనైనను ఆ దారినే పోవును.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. ఇది 796 ఘన సెంటీమీటర్లది. మన దేశమున దీనిని నేను ఆస్టిన్ సెవెన్‌కు సరిజోడుగా భావింతును. ఫియట్‌తోను, అంబాసడరుతోను పోల్చిన మిక్కిలి తేలిక. ఏ పల్లెపట్టణములో నైనను భాగములు దొరకును. కోయంబత్తూరు వాస్తవ్యుడు కరివర్ధన్, దీని ఇంజనునే పెట్టి ఒంటిసీటు పందెపు బండ్లను కట్టెను. వానికి ఫార్ములా మారుతి యని పేరు. 1990లో షోలవరమునకు బదులు శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోట్టైలో నిజమైన పందెపు బాట సిద్ధమైనది. అచ్చట ఫార్ములా మారుతితో పందెములు మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్ పందెములాడిన మొదటి భారతీయుడైనాడు. కరివర్ధన్ 1995లో విమానప్రమాదమున మరణింపగా, కోయంబత్తూరులోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి.

ఇంతవఱకు చెప్పిన బండ్లన్నియు వేఱొక పనికై పుట్టి, పందెమునకు తెచ్చుకొనబడినవి. ఈ చరిత్రను చదివి, కావలెనని కట్టిన బండి యొకటి గలదు. 1979లో బాబ్ హాల్ అను అమెరికా పత్రికారచయిత, మాజ్డా కంపెనీ యధికారియైన కెనిచి యమమోటోతో, వెనుకటి ఇంగ్లీషు చిన్నబండ్ల వంటివి నేడెవరును కట్టుటలేదే యని ప్రస్తావించెను. ఆ మాట పదేండ్లకు ఫలించినది. తొషిహికొ హిరాయి నాయకత్వమున రూపొందిన మాజ్డా ఎమ్. ఎక్స్.-5 అను రెండు సీట్ల బండిని 1989లో చికాగో ప్రదర్శనమున చూపిరి. ఇంజను 1.6 లీటర్లు, ఎత్తు వేయి కిలోగ్రాములకు లోపలే. హిరాయి తన పనివారికి పెట్టిన సూత్రము ‘జిన్‌బ ఇత్తాయి’, అనగా గుఱ్ఱమును రౌతును ఒక్క శరీరముగా నుండుట. మన అశ్వహృదయ విద్యకు ఇది దూరపు బంధువువలె వినబడుటలేదా? 2016 నాటికి ఈ బండ్లు పది లక్షలు తయారైనవి. అమెరికాలో ఔత్సాహికుల పందెములలోను, ఆటోక్రాసులోను నేటికిని విరివిగా కనబడు బండి యిదియే. దానికంటె రెట్టింపు బలముగల బండ్లను అది మలుపులలో వెనుకవేయుట సామాన్య దృశ్యము.

కారణమును లెక్కవేసి చూచుకొనవచ్చును. గంటకు 120 కిలోమీటర్ల వేగముతో పోవు వేయి కిలోగ్రాముల బండిని ఆపవలసినచో బ్రేకులు సుమారు అయిదున్నర లక్షల జౌళ్ల శక్తిని వేడిగా మార్చుకొనవలెను. నేడు మన వీథులనిండ తిరుగుచున్న ఎత్తైన పెద్దబండి పదునెనిమిది వందల కిలోగ్రాములు తూగును. దానికి పది లక్షలు. రోడ్డుమీద అట్లు ఆపుట దినమున కొకమారో రెండుమార్లో. బాటమీద ప్రతి చుట్టునకు పలుమార్లు. ఆ వేడి బ్రేకుల నూనెకు పాకును. ఆ నూనెకు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలదు. నాలుగవ తరగతి నూనె క్రొత్తగానున్నపుడు 230 డిగ్రీలవఱకు మరగకూడదను నియమ మున్నది; తేమ పట్టినపిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోవును. మరగినచో గొట్టములలో ఆవిరి చేరును. అప్పుడు కాలు త్రొక్కినచో పెడలు మెత్తగా నేలదాక పోవును, బండి ఆగదు. కావున క్రొత్తగా ఈ వేడుకకు దిగువాడు గుఱ్ఱముల లెక్కకు ముందు అడుగవలసినది, ఈ బండి బ్రేకుల నూనె యెప్పుడు మార్చిరని. దానికగు ఖర్చు స్వల్పము. ఎత్తైన బండ్లకు మఱియొక యిక్కట్టు: చక్రముల నడిమి వెడల్పుకంటె ఎత్తు హెచ్చైన బండి శంకువుల నడుమ ఇటునటు త్రిప్పినపుడు పొర్లిపడవచ్చును. ఆటోక్రాసు నడుపు సంఘములు ఇట్టివానిని చేర్చుకొనుటకు వెనుదీయుటలో ఆశ్చర్యము లేదు.

ఇక సొమ్ము సంగతి. టైరు ఒక్క దినములో నెలల యరుగుదల నొందును. బరువైన బండికి పెద్ద టైరు, పెద్ద టైరునకు పెద్ద వెల. మన దేశమున వాడుకలోనున్న మోటారు భీమా పత్రములలో పందెములకును, వేగపరీక్షలకును బండిని వాడినచో పరిహారము లేదను షరతు సాధారణముగా నుండును. ఈ షరతు చదివినవారు అరుదు. ఇంటిలోనున్న ఏకైకమైన బండి, వాయిదాలింకను తీరనిది, బాట ప్రక్కని గోడకు తగిలినచో సోమవారమునాడు పిల్లలు బడికి పోవు బండి లేదు. వాయిదాలు మాత్రము ఉన్నవి. మింగ మెతుకు లేదు, మీసములకు సంపెంగనూనె యన్న సామెత ఇట్టివారిని చూచియే పుట్టియుండును. పోగొట్టుకొన్నచో కన్నీరు పెట్టనక్కరలేని వెలగల బండినే బాటమీదకు తీసికొనిపోవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. 750 క్లబ్బువారి కట్టుబాట్లలోని తెలివియు నిదియే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో నిలిచిపోయినది. కాని దాని తరువాతి తేలిక బండ్లు పాతవి మన అంగళ్లలో కావలసినన్ని గలవు.

పాతబండి నెన్నుకొన్నవాడు మైదానమునకు పోవుటకు ముందు చట్రము క్రిందికి దూఱి తుప్పు చూచుకొనవలెను. చక్రముల మఱలు బిగువో వదులో చేతితో చూడవలెను. బ్యాటరీ కదలకుండ కట్టవలెను. బాట వాకిట పరీక్షాధికారి ఇవియన్నియు మరల చూచును. బండిలో కట్టివేయబడని వస్తువేదియు నుండరాదని ఆయన పట్టు. మలుపులో అవి యెగిరి తోలువాని పాదముల క్రిందను, పెడళ్ల క్రిందను చేరును. నీళ్ల సీసా, గొడుగు, జాకీ, చెప్పులు, అమ్మగారు ముందుంచిన విఘ్నేశ్వరుని బొమ్మతో సహా అన్నిటిని దింపి బల్లమీద పెట్టి రమ్మని, ఆయన ఎంతటివానినైనను వెనుకకు పంపును.